ఓడ సామాన్ల షాపు ఖాళీ చేశాం, రాసుకోవడానికి ఎవరైనా రండి

సంపాదకులు గారికి నమస్కారం.

వైజాగ్ వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కి దగ్గర్లో ఒక సందులో అరవై ఏళ్లకు పైగా నడిచిన షాపు ఒకటి మొన్న ఆదివారంతో ఖాళీ అయిపోయింది. బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో పేరుండేది గానీ మా చిన్నప్పటి నుంచీ అందరం ఓడ సామాన్ల షాపు అనే అనేవాళ్లం. పాత ఓడల గంటలు, కంపాస్‌లు, ఎర్ర లాంతర్లు, పచ్చ లాంతర్లు, అరచెయ్యి మందం ఇత్తడి చట్రంతో గుండ్రటి ఓడ కిటికీలు, టేకు చక్రాలు, కెప్టెన్ గదిలో గోడ గడియారాలు, ఇవన్నీ నేల నుంచి సీలింగ్ దాకా ఉండేవి. మేడ బాగా పాతది. పై అంతస్తు గోడ పగిలింది, ఓనరు పడగొట్టి కట్టుకుంటానన్నాడు, నెల రోజులు టైమిచ్చాడు. అందులో ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు, ఈ వర్షాలకి ఆగేలా లేదు ఆ గోడ. నేను రాస్తున్నది వేరే సంగతి. ఆ షాపులో సామానంతా జాగ్రత్తగానే బయటికొచ్చింది, కానీ దాని వెనకున్న కథ ఇంకా ఒక్క మనిషి తలకాయలోనే ఉంది, ఆయనకి 74 ఏళ్లు. ఆయన ఉండగానే ఎవరైనా తెలిసినవాళ్లు వచ్చి రాసుకోవాలి. అందుకే ఈ ఉత్తరం.

నాది రెండు సందుల అవతల మోటార్ రివైండింగ్ షాపు. స్కూలు వదలగానే వెళ్లి ఆ షాపు మెట్ల మీద కూర్చునేవాణ్ణి, అప్పటి నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను, చుట్టరికం ఏమీ లేదు. ఆయన నాన్నగారు షిప్‌యార్డులో కలాసీ. 1948 మార్చి 14న నెహ్రూ గారొచ్చి జల ఉష ఓడని నీళ్లలోకి దించిన రోజు జనంలో నిలబడి చూశారట, ఆ సంగతి బాబాయ్ వంద సార్లు చెప్పుంటారు, వందసార్లూ మేం విన్నాం. మొదట్లో షాపులో తాళ్లు, టార్పాలిన్లు, గొలుసులే అమ్మేవారు. ఓడల మీంచి దిగిన సిబ్బంది డబ్బు అవసరమై ఏదైనా ఇస్తే తీసుకునేవారు, ఆ తర్వాత వేలాలకు వెళ్లడం, 1983లో గుజరాత్‌లో అలంగ్ దగ్గర ఓడలు విరగ్గొట్టడం మొదలయ్యాక భావ్‌నగర్ దాకా రైల్లో వెళ్లి, అలంగ్ రోడ్డు పొడవునా ఉండే కొట్లలో రెండేసి రోజులు వెతికి గోనె సంచుల్లో మోసుకురావడం. పెట్టిన డబ్బు ఎన్నడూ సరిగ్గా తిరిగి రాలేదని పిన్ని చెబుతారు.

ఖాళీ చేయాలని తెలిశాక ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లని పిలిచాం. ఒకతను వచ్చి చూసి, ఇంటి సామానైతే చేస్తామండీ, వీటికి పేర్లే తెలీవు, విరిగితే మా పూచీ ఉండదు అని వెళ్లిపోయాడు. మర్నాడు పాత ఇనప సామాన్లు కొనే వ్యాపారి కాటా కూడా తెచ్చుకుని మరీ వచ్చాడు. మొత్తం తూకం వేసి ఒకేసారి డబ్బిచ్చేస్తా, సాయంత్రానికల్లా షాపు ఖాళీ అన్నాడు. నేనక్కడే ఉన్నాను. బాబాయ్ కొక్కేనికి వేలాడుతున్న గంట ఒకటి తీసి కాటా మీద పెట్టి "ఇదెంత?" అనడిగారు. అతను కిలోల లెక్కన ఒక అంకె చెప్పాడు. ఆయన గంట తీసి, పంచె అంచుతో ఒకసారి తుడిచి, మళ్లీ కొక్కేనికి తగిలించి లోపలికెళ్లిపోయారు. ఆ వ్యాపారిని కూడా నేను తప్పనను, అతని వృత్తి అది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా స్కూలు బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాను, ఆదివారం పొద్దున్న ఆరింటికి ఓడ సామాన్ల షాపు దగ్గరకి రండి, పాత దుప్పట్లు, చీరలు తెచ్చుకోండి అని. నలుగురైదుగురు వస్తారనుకున్నాను. పద్నాలుగు మంది వచ్చారు. పోర్టులో క్రేన్ నడిపేవాడు, డ్యూటీ మార్పించుకుని వచ్చిన ఆర్టీసీ కండక్టరు, ఫిషింగ్ హార్బరు నుంచి ఇద్దరు అన్నదమ్ములు, బ్యాంకులో పనిచేసే మా క్లాస్‌మేట్ వాళ్లమ్మాయిని వెంటబెట్టుకుని, టిఫిన్ బండి వాడైతే ఆ పూట బండి పెట్టకుండా ఇడ్లీలన్నీ మాకే తెచ్చేశాడు. ఒకడు అనకాపల్లి నుంచి తెల్లవారుజామునే బండి మీద వచ్చాడు, వాడు చిన్నప్పుడు ఆ షాపులో దుర్భిణీ పట్టుకుని చూస్తే బాబాయ్ కేకలేయలేదట, అదొక్కటే గుర్తట వాడికి. ఆ సందులోకి ట్రాలీ ఆటో రాదు. పూర్ణా మార్కెట్ నుంచి రెండు తోపుడు బళ్లు మాట్లాడుకుని, మెయిన్ రోడ్డు దాకా వాటి మీద తోసి, అక్కడి నుంచి ట్రాలీలో ఎక్కించాలి. గాజువాకలో మా కండక్టరు వాళ్ల అన్నయ్య ఇల్లు కింద వాటా ఖాళీగా ఉంది, అద్దె వద్దన్నాడు ఆయన.

మొదలుపెట్టీ పెట్టగానే ఒక పిల్లాడు సెక్స్టెంట్‌ని, అంటే సూర్యుణ్ణో చుక్కల్నో చూసి ఓడ ఎక్కడుందో లెక్కగట్టే పరికరాన్ని, దాని చెయ్యి లాంటి భాగం పట్టుకుని పైకి లేపాడు. బాబాయ్ మంచం మీంచి ఒక్క ఉదుటున లేచారు. "ఒరేయ్ నాయినా, అలా ఎత్తకు, చట్రం పట్టుకో." తర్వాత వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూపించారు. కింద వంపు తిరిగిన ఇత్తడి బద్ద మీద వెంట్రుకంత సన్న గీతలు, మధ్యలో తిరిగే చెయ్యి, దాని పైన చిన్న అద్దం. ఆ అద్దంలో సూర్యుడో చుక్కో కిందికి దిగి సముద్రం అంచుని తాకేలా చెయ్యి జరపాలి, అప్పుడు గీతల మీద ఎంత కోణమో చదవాలి. ఒక డిగ్రీలో అరవయ్యో వంతుని నిమిషం అంటారు, ఆ ఒక్క నిమిషం తప్పు చదివితే సముద్రంలో మనం ఉన్న చోటు లెక్కలో ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు తప్పుతుంది. ఆ చెయ్యి పట్టుకుని ఎత్తితే కాస్తంత వంగుతుంది, కంటికి కనబడదు, కానీ ఇక ఆ పరికరం నిజం చెప్పదు. ఆ పిల్లాడు తర్వాత సాయంత్రం దాకా సెక్స్టెంట్‌లన్నీ తానే మోశాడు, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు.

క్రోనోమీటర్ సంగతీ అంతే. చెక్క పెట్టెలో ఇత్తడి రింగుల మధ్య వేలాడే గడియారం అది, ఓడ ఎటు ఊగినా అది మాత్రం బల్లపరుపుగా ఉంటుంది. తూర్పు పడమరల లెక్కంతా టైం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, భూమధ్యరేఖ దగ్గర నాలుగు సెకన్ల తేడా అంటే ఒక నాటికల్ మైలు తేడా. రింగులు కదలకుండా గడియ వేసి, బ్యాంకు క్లాస్‌మేట్ దాన్ని ఒళ్లో తువ్వాలు మడతేసి పెట్టుకుని, గాజువాక దాకా ట్రాలీ ముందు సీట్లో కూర్చుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా డ్రైవరు ముందే చెప్పేవాడట.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది టెలిగ్రాఫ్. పోస్టాఫీసు టెలిగ్రాఫ్ కాదండీ, పైన బ్రిడ్జి, అంటే కెప్టెన్ ఓడ నడిపించే చోటు నుంచి కింద ఇంజిన్ గదికి హుకుం పంపించేది. నడుము ఎత్తు ఇత్తడి స్తంభం, పైన గుండ్రటి ముఖం, దాని మీద ఫుల్, హాఫ్, స్లో, స్టాండ్ బై, స్టాప్ అని ఇంగ్లీషులో గళ్లు. పిడి జరిపితే లోపల గొలుసు లాగి గంట కొడుతుంది, కింద ఇంజిన్ గదిలో అలాంటిదే ఇంకోటి అదే గడి చూపిస్తుంది, వాళ్లు విన్నామన్నట్టు తిరిగి జవాబిస్తారు. షాపు పై అంతస్తులో ఉంది ఇది. మెట్లు ఇద్దరు పక్కపక్కన పట్టనంత ఇరుకు. పిడిని స్టాప్ దగ్గర పెట్టి తాడుతో కట్టి, నాలుగు బోల్టులు విప్పి తల వేరు చేసి, స్తంభాన్ని గోనె సంచుల్లో చుట్టి, మా క్రేన్ వాడు కింద నిలబడి చేతి సైగలతో నడిపిస్తుంటే నలుగురు ఒక్కో మెట్టూ దించారు. ఎంత కట్టినా లోపల గొలుసు ఎక్కడో కదిలి ప్రతి మెట్టుకీ టింగ్ మని మోగింది. ఆ చప్పుడుకి ఎదురు మేడల్లో వాళ్లందరూ కిటికీల్లోకొచ్చారు. ఇద్దరు ముసలాళ్లు కిందికి దిగొచ్చి తోపుడు బండి పట్టుకున్నారు, మేం పిలవలేదు.

ఒకటి పాడైంది, దాచను. లైఫ్ బోట్ కంపాస్ ఒకటి దుప్పటిలోంచి జారి గచ్చు మీద పడి అద్దం బీటలేసింది, లోపలున్న స్పిరిట్ కారిపోయి సందంతా వాసన. దాన్ని మోసినవాడికి ఏడుపొచ్చేసింది. బాబాయ్ గాజు పెంకులు ఏరి, లోపల దిక్కుల చక్రం తిప్పి చూసి, "చక్రం బాగుందిరా, అద్దం వేయిద్దాం, నువ్వు ముందు ఇడ్లీ తిను" అన్నారు.

ఇక అసలు విషయానికొస్తాను. షాపులో ప్రతి వస్తువుకీ ఒక చీటీ ఉంటుంది. అగరుబత్తి పెట్టెల అట్ట కత్తిరించి, దారంతో కట్టి, నీలం ఇంకుతో తెలుగులో రాసినవి. ధర ఉండదు వాటి మీద. కొన్ని నేను ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను కాబట్టి ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను. "ఎర్ర లాంతరు, ఎడమ వైపుది. 1986 అలంగ్. దీని పచ్చది దొరకలేదు, ఎక్కడైనా కనబడితే కొనాలి." ఇంకోటి, "మోర్స్ కీ. రేడియో ఆఫీసరు గారు ఇచ్చారు, డబ్బు పుచ్చుకోలేదు, ఉద్యోగం పోయిందన్నారు." ఈ చీటీ చదివాక అడిగితే చెప్పారు, 1999 ఫిబ్రవరి నుంచి శాటిలైట్‌తో నడిచే కొత్త పద్ధతి పూర్తిగా అమల్లోకి వచ్చాక ఓడల్లో మోర్స్, అంటే మీట నొక్కి చుక్కలు గీతల సంకేతాల్లో వార్తలు కొట్టే రేడియో ఆఫీసర్ల పని లేకుండా పోయిందని, అలాంటివాళ్లు వైజాగ్‌లోనే చాలామంది ఉండేవారని. ఆ చిన్న ఇత్తడి మీట కాటా మీద పెడితే పావు కిలో కూడా తూగదు.

బ్యాంకు క్లాస్‌మేట్ వాళ్లమ్మాయి ఇంటర్ చదువుతోంది, ఆ రోజు తలుపు దగ్గర స్టూలు వేసుకుని బయటికెళ్లే ప్రతిదానికీ నంబరు వేసి ఫొటో తీసింది. మొత్తం 437 వచ్చాయి. అందులో చీటీ ఉన్నవి 260 దాకా. మిగతా వాటికి చీటీలు ఊడిపోయాయి, చెదలు తిన్నాయి, కొన్నిటికి అసలు రాయనేలేదు, ఎందుకంటే ఆయనకి గుర్తున్నాయి కాబట్టి. ఆ అమ్మాయి సాయంత్రం అడిగింది, "తాతగారూ, ఇది ఏ ఓడది?" అని ఒక చక్రం చూపించి. ఆయన చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయారు. ఓడ పేరు నోటి దాకా వచ్చి రావట్లేదు. రెండు నిమిషాలు అలాగే నిలబడి చూశారు. ఆ రెండు నిమిషాలు నేను పక్కనే ఉన్నాను, అప్పుడే ఈ ఉత్తరం రాయాలనుకున్నాను.

మన దగ్గర 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం మామూలుగా వందేళ్లు దాటితేనే ఒక వస్తువు పురావస్తువు అవుతుంది. ఈ షాపులో వందేళ్లవి ఏ పదో పదిహేనో ఉంటాయి, మిగతావన్నీ యాభై, అరవై, ఎనభై ఏళ్లవి. అంటే చట్టం లెక్కలో వీటికి ఇంకా వయసు రాలేదు, స్క్రాప్ లెక్కలో వయసైపోయింది. ఈ మధ్యలో ఉన్న యాభై ఏళ్లలోనే అన్నీ కరిగిపోతాయి. కాకినాడ దగ్గర కోరంగిలో ఒకప్పుడు ఓడలు కట్టేవాళ్లని, 1839 ఉప్పెన ఆ రేవుని తుడిచిపెట్టేసిందని, రంగూన్‌లో తెలుగువాళ్లని కోరంగీలు అని పిలిచేవాళ్లని పుస్తకాల్లో చదువుకుంటాం. కోరంగిలో కట్టిన ఓడ మీది గంట ఒకటైనా, దిక్సూచి ఒకటైనా చేత్తో పట్టుకుని చూసినవాళ్లు మనలో ఎంతమంది? అప్పుడూ ఎవరో ఒకరు కాటా తెచ్చే ఉంటారు.

మన బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఉంది, 2002 నుంచి లోపలికెళ్లి చూస్తున్నాం, పిల్లల్ని తీసుకెళ్తున్నాం, విశాఖ మ్యూజియం ఉంది. నేవీ వాళ్ల జ్ఞాపకాలకి ఊళ్లో మంచి చోటు దొరికింది, చాలా సంతోషం. సరుకు ఓడల మీద బతికిన కలాసీలు, రేడియో ఆఫీసర్లు, వంటవాళ్లు, ఇంజిన్ గదిలో మసి తిన్నవాళ్లు, వాళ్ల చేతిలో అరిగిన వస్తువులకి కూడా కొంచెం చోటు కావాలని అడుగుతున్నాను. ఈ పోర్టు కట్టే రోజుల్లో అలలు ఆపడానికి జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుగోడ చేశారు. పాత ఓడల ఆసరాతో లేచిన రేవు మనది.

డబ్బు అడగట్లేదు. బిల్డింగు కూడా అడగట్లేదు ఇప్పుడే. మ్యూజియం నుంచో, యూనివర్సిటీ హిస్టరీ డిపార్ట్‌మెంటు నుంచో, పోర్టు నుంచో, రిటైరైన మర్చంట్ నేవీ వాళ్లలోంచో, ఎవరైనా ఇద్దరు ముగ్గురు ఒక రికార్డరు, ఒక నోట్‌బుక్ పట్టుకుని వారానికి ఒక రోజు గాజువాక రండి. ఆయన దగ్గర కూర్చోండి. వస్తువు చేతికిస్తే చెబుతారు, ఊరికే చెప్పమంటే చెప్పలేరు, అది నేను గమనించాను. నకిలీలు కూడా ఆయనే విడదీసి చూపిస్తారు. రూర్కీలో, మొరాదాబాద్‌లో కొత్తగా చేసి పాతవని అమ్మేవి బోలెడు, "కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917" అని చెక్కినవి నేనే మూడు చూశాను, ఆ రెండు కంపెనీలు కలిసిందే 1947లో అయితే 1917 ఎక్కడి నుంచి వస్తుంది? అలాంటివన్నీ వేరే అలమారలో పెట్టి "కొత్తవి" అని రాసి ఉంచారాయన, ఎవర్నీ మోసం చేసి అమ్మలేదు. ఈ విద్య కూడా నేర్చుకోవాలి ఎవరో ఒకరు.

ఇంకో మాట, ఇళ్లలో తాతల నాటి ఓడ సామాను ఉన్నవాళ్లకి. దయచేసి చింతపండు పెట్టి తోమకండి. చిలుము పోయి తళతళలాడుతుంది, నిజమే, కానీ తోమగా తోమగా చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి, ఓడ పేరు పోతే ఇక అది ఉత్త ఇత్తడే. మెత్తని పొడి గుడ్డతో తుడిస్తే చాలు. చీకట్లో మెరిసే అంకెలున్న పాత కంపాస్, గడియారం ఉంటే అద్దం విప్పకండి, గీకకండి, ఆ రోజుల్లో వాటికి రేడియం పూసేవాళ్లు, పిల్లలకి అస్సలు ఇవ్వకండి. ఊళ్లో ఇలాంటి పాత షాపు ఇంకేదైనా ఖాళీ అవుతుంటే కాటా వాడికన్నా ముందు మాకు చెప్పండి, మా పద్నాలుగు మందిమీ వస్తాం, దుప్పట్లు మేమే తెచ్చుకుంటాం.

చివరిగా ఒక వస్తువు గురించి ప్రత్యేకంగా రాయమన్నారు బాబాయ్. కాటా మీద పెట్టి తీసేసిన గంట ఇందాక చెప్పాను కదా, అదే. దాని చీటీ మీద ఇలా ఉంది: "1979 వానాకాలం. అమ్మాయి పెళ్లికని డబ్బు తీసుకున్నారు. నెలాఖరుకి వచ్చి పట్టుకెళ్తానన్నారు. రాలేదు. అమ్మకూడదు." గోదావరి యాసలో మాట్లాడే పెద్దమనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవారు, కుడిచేతి చిటికెనవేలు సగం లేదు, ఓడలో తాడు పడి పోయిందని చెప్పారట. ఆ పెళ్లికూతురికి ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. ఈ ఉత్తరం మీరు వేస్తే ఆవిడో, ఆవిడ పిల్లలో చదవొచ్చు. డబ్బేమీ కట్టనక్కర్లేదు, వచ్చి తీసుకెళ్లమన్నారు. నా ఫోన్ నంబరు మీ ఆఫీసులో ఇచ్చాను, అడిగినవాళ్లకి ఇవ్వండి. గంట మీద ఓడ పేరు చెక్కి ఉంది, అది ఇక్కడ రాయట్లేదు, ఆ పేరు చెప్పినవాళ్ల చేతికే ఇమ్మన్నారు.

ఇట్లు,
మోటార్ రివైండింగ్ షాపు యజమాని,
వన్‌టౌన్, విశాఖపట్నం